బొంగరం ముక్కు మిగ్

2025 సెప్టెంబరు 28, ఆదివారం, సిమిలిగుడ

మొన్న శుక్రవారం టీవీలో మిగ్-21కి వీడ్కోలు చూపించారు. చండీగఢ్‌లో. 1963లో మన వాయుసేనకి మొదటి మిగ్‌లు వచ్చి చేరింది కూడా ఆ ఊరికే. అరవై ఏళ్ళు దాటి ఎగిరిన విమానాలు చివరిసారి దిగి, రెండు పక్కల నుంచీ నీళ్ళు చిమ్ముతుంటే మధ్యలోంచి మెల్లగా నడిచొచ్చాయి. నాన్న టీవీ సౌండ్ పెంచమన్నాడు. వ్యాఖ్యాత కాసేపు నోరు మూస్తే ఇంజను వినాలని ఆయన ఆశ. ఆవిడ మూయలేదు.

నాన్న ఒడిశాలోని సునాబెడలో హెచ్ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఇంజను ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మిగ్-21 మన దేశంలో ఒక్క ఊళ్ళో తయారు కాలేదు. బాడీ నాసిక్ దగ్గర ఓజర్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజను మా కొరాపుట్ కొండల్లో. ఇక్కడి డివిజన్ 1964లో మొదలైంది. మొదట ఆర్-11 ఇంజను, తర్వాత ఆర్-25, మిగ్-27కి ఆర్-29, ఇప్పుడు సుఖోయ్-30లకి ఏఎల్-31. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు టౌన్‌షిప్ నిండా ఉండేవి. మాదీ అందులో ఒకటి.

దీనివల్ల నాకు జరిగిన అన్యాయం ఏమిటంటే, యుద్ధవిమానాల పిచ్చితో పెరిగాను గానీ యుద్ధవిమానం చూడలేదు. మా ఊళ్ళో ఇంజను మాత్రమే ఉండేది. గాలి ఇటు తిరిగిన రోజు, ఇంజన్లు నడిపి పరీక్షించే టెస్ట్ బెడ్ నుంచి గుయ్యిమని మొదలై, కడుపులో కదిలే మోతగా మారేది. కిటికీ అద్దం మీద వేలు పెడితే వణుకు తెలిసేది. నేను పరిగెత్తుకుని బయటికొచ్చి ఆకాశం వైపు చూసేవాణ్ణి. ఏమీ ఉండేది కాదు. మిగ్ అంటే నాకు కనిపించని విమానం.

నాన్న మాత్రం ఏం చూశాడు? ట్రైనింగ్‌కి నాసిక్ వెళ్ళినప్పుడు ఓజర్ షెడ్డులో ఒకటి చూశాడట. నేల మీద. అదీ ఇంజను తీసేసి ఉన్నది.

తొమ్మిదో క్లాసులో నాకు కళ్ళజోడు వచ్చింది, పైలట్ కథ అక్కడితో సరి. ఇప్పుడు సిమిలిగుడలో మోటారు వైండింగ్ షాపు నాది. శుక్రవారం రాత్రి షాపు కట్టేశాక లెడ్జర్ వెనక పేజీలో గీసుకున్నాను: పదో వంతు మిగ్-21, రిమోట్‌తో నిజంగా ఎగిరేది. డైరీ రాస్తే గానీ పూర్తి చేయను, నా సంగతి నాకు తెలుసు.

అక్టోబరు 5

కొలతలు. అసలు విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 7.15 మీటర్లు. నాది 71.5 సెంటీమీటర్లు. రెక్క వాలు 57 డిగ్రీలు. రెక్క వైశాల్యం 23 చదరపు మీటర్లు కాబట్టి పదో వంతులో 0.23. ఈ మూడూ కలిపి లెక్కేస్తే రెక్క మొదట్లో వెడల్పు 60 సెంటీమీటర్లు, చివర సుమారు 5 వస్తున్నాయి. చివరి కొస కత్తిరించిన సమోసా అనుకోండి.

మెటీరియల్ కోసం జయపురం వెళ్ళాను. స్టేషనరీ షాపాయన ఫోమ్ బోర్డు అడిగితే సన్‌బోర్డు ఇచ్చాడు. చూడ్డానికి రెండూ తెల్లగా ఒకేలా ఉంటాయి. ఇంటికొచ్చి పది సెంటీమీటర్ల చదరం ముక్క కోసి వంటింటి త్రాసు మీద పెడితే 20 గ్రాములు దాటింది. అది బోర్డులు రాసుకునే ప్లాస్టిక్, ఎగరడానికి కాదు. మళ్ళీ వెళ్ళి అసలు ఫోమ్ బోర్డు తెచ్చాను: కాగితంతో కలిపి అదే సైజు ముక్క 5 గ్రాములు, కాగితం ఒలిచేస్తే 2. షీటు కొనేముందు చిన్న ముక్క తూచుకోండి, నాలాగా రెండుసార్లు బస్సెక్కకండి.

త్రాసు ఇక వంటింటికి తిరిగి రాదని మా ఆవిడకి అర్థమైంది. ఇంకోటి కొనమంది.

అక్టోబరు 19

నడుం పెట్టె తయారైంది. 12 సెంటీమీటర్ల వెడల్పు, నిజం మిగ్ గుండ్రం, నాది నాలుగు పలకలు. గుండ్రంగా చేయొచ్చు, కానీ మొదటిసారి ఎలాగూ పడుతుంది, పడేదానికి సోకులెందుకు. రెక్కలు అసలు దానికి రెండు డిగ్రీలు కిందికి వంగి ఉంటాయి. నేను తిన్నగా ఉంచేశాను.

చిటికెలో అంటుకునే జిగురు ఫోమ్ మీద వేయకూడదని తెలిసి కూడా ఒక చుక్క వేశాను. చక్కెర మీద వేడినీళ్ళు పోసినట్టు గుంట పడింది. ఫెవికాల్ అయితే రాత్రంతా ఆరాలి, గ్లూ గన్ అయితే బరువు. పెద్ద అతుకులకి ఫెవికాల్, మోటారు బిగించే చోట మాత్రం గ్లూ గన్.

అక్టోబరు 30

మొంథా తుఫాను. మూడు రోజులు కరెంటు వచ్చిపోతూ ఉంది. షాపు షట్టర్ కింద నుంచి నీళ్ళొచ్చాయి. విమానం అటక మీద ఉంది కాబట్టి తడవలేదు గానీ చెమ్మకి కుడి రెక్క కాగితం ఉబ్బి, అప్పడంలా వంకర తిరిగింది. ఆ రెక్క మళ్ళీ కోశాను. ఈసారి కాగితం పూర్తిగా ఒలిచి, పైన బ్రౌన్ టేపు.

నవంబరు 16

ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మోటారు మోడల్ 2212, 2200 కేవీ. కేవీ అంటే కిలోవోల్టులు అనుకుని మా షాపు కుర్రాడు భయపడ్డాడు. కాదు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ సంఖ్య. వైండింగ్ చేసేవాడికి చెప్పాలంటే, కాయిల్‌లో తీగ చుట్లు తక్కువ, తీగ లావు, కేవీ ఎక్కువ. వేగంగా తిరుగుతుంది, కరెంటు బాగా తాగుతుంది. చిన్న ప్రొపెల్లర్‌కి ఇదే సరి. నాది ఆరంగుళాలది. మూడు సెల్లుల లైపో బ్యాటరీ, 175 గ్రాములు.

మిగ్‌కి ముందు ప్రొపెల్లర్ పెడితే చూడలేం. అందుకని రెక్క వెనక అంచుకి కాస్త ముందు, అడ్డంగా 17 సెంటీమీటర్ల చీలిక కోసి, ప్రొపెల్లర్ అందులో తిరిగేలా పెట్టాను. దూరం నుంచి కనిపించదు. ఇబ్బంది ఏమిటంటే విసిరేవాడి వేళ్ళు. చెయ్యి చీలికకి ముందే ఉండాలి, వదిలాకే మోటారు వేయాలి. దీని మీద జోకులు లేవు, ఆరంగుళాల ప్లాస్టిక్ రెక్క వేలిని వదలదు.

మోటారుని తలకిందులుగా త్రాసు మీద కట్టి తోపు, అంటే ముందుకి తోసే బలం, కొలిచాను: 620 గ్రాములు. మొత్తం బరువు 690. నాన్న పక్కనే కూర్చుని, "ఆర్-25 ఆఫ్టర్‌బర్నర్ వేస్తే ఏడు వేల కిలోల పైనే. విమానం ఎనిమిదిన్నర వేలు. నీ లెక్క దానికి దగ్గరగానే ఉందిరా" అన్నాడు. ఆఫ్టర్‌బర్నర్ అంటే ఇంజను వెనక గొట్టంలో ఇంకాస్త ఇంధనం మండించి తోపు పెంచే ఏర్పాటు. ఈ ప్రాజెక్టులో ఆయన మెచ్చుకున్న మొదటి మాట ఇదే.

తేడా ఎక్కడ ఉందంటే రెక్క మీది బరువులో. 8,700 కిలోలని 23తో భాగిస్తే చదరపు మీటరుకి 378 కిలోలు. నాది మూడు కిలోలు. అందుకే అది గంటకి మూడొందల కిలోమీటర్ల పై వేగంతో దిగాలి, నాది సైకిల్ వేగంతో దిగినా సరిపోవాలి. మిగ్ దించడం ఎందుకంత కష్టమో పైలట్లు చెప్తే వినడం వేరు, ఈ భాగహారం చేసి చూడటం వేరు.

నవంబరు 30, గుణుపురం

సునాబెడ చుట్టుపక్కల ఎగరేసే ఆలోచనే పెట్టుకోలేదు. ఫ్యాక్టరీ ఉన్న ఊరు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు చూపిస్తారు. ఆకుపచ్చలో ఉన్న చోటు చూసుకోవాలి. మా అత్తగారిది గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డు. కోతలయ్యాక పొలాలు ఖాళీ. లక్ష్మీపూర్, రాయగడ మీదుగా కారు వెనక సీట్లో విమానం, ముందు సీట్లో పాప ఒళ్ళో తోక. నాన్న మోకాళ్ళ నొప్పి అని రాలేదు.

అక్కడ ఇంకోసారి తోపు కొలిచాను. 650. మోటారు అదే, బ్యాటరీ అదే. సిమిలిగుడ ఎత్తు తొమ్మిది వందల మీటర్లు, ఇక్కడ వంద కూడా లేదు. గాలి చిక్కన.

బావమరిది విసిరాడు.

విమానం చేయి దాటగానే పడగెత్తిన పాములా ముక్కు పైకి లేపింది. ముక్కు దించడానికి రిమోట్ స్టిక్ ముందుకి తోశాను, ఇంకా లేచింది. నిలువుగా నిలబడి, వెల్లకిలా తిరిగి, నాలుగు మీటర్ల ఎత్తు నుంచి తోక మీద పడింది. మొత్తం రెండు సెకన్లు. తోక విరిగింది, ప్రొపెల్లర్ ముక్కలు, చీలిక దగ్గర రెక్క చిరిగింది. గట్టు మీద కూర్చున్న పక్కింటి ఒడియా పిల్లాడు అంతకు ముందే "ఉడిబొ కి?" అని అడిగాడు, ఎగురుతుందా అని. పడ్డాక ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"బావా, నేను సరిగ్గానే విసిరాను" అన్నాడు మా వాడు. నిజమే. తప్పు వాడిది కాదు.

డిసెంబరు 2

ముక్కలు బల్ల మీద పరిచాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, ఆయన పాత స్టీల్ రూల్ తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక అడుగు స్కేలు, అంకెలు సగం అరిగిపోయాయి, అయినా ఇంకోదాన్ని నమ్మడు.

"ముక్కెత్తిందంటే వెనక బరువు. సీజీ ఎక్కడ పెట్టావు?" సీజీ అంటే గరిమనాభి, విమానం వేళ్ళ మీద తిన్నగా తూగే చోటు.

"30 సెంటీమీటర్ల దగ్గర నానా. లెక్క సరిగ్గానే వేశాను."

లెక్క నిజంగానే సరైనదే. త్రిభుజం రెక్కకి సగటు వెడల్పు అనేది ఒకటి తీయాలి, నాకు అది 40 సెంటీమీటర్లు వచ్చింది. దాని ముందు అంచు రెక్క మొదలు నుంచి 19.7 వెనక పడుతుంది. అక్కణ్ణుంచి పావు వంతు, అంటే పది, కలిపితే 29.7. తిరగేసి చూస్తే మొదటి వెడల్పులో దాదాపు సగం. అందుకే పాతవాళ్ళు త్రిభుజం రెక్కకి సగం దగ్గర పెట్టి చూడమంటారు.

"30 సరే. ఎక్కణ్ణుంచి?"

"రెక్క మొదలు నుంచి."

"ఏ మొదలు రా? కనిపించే మొదలా, లెక్కలో మొదలా?"

నాకు అర్థం కాలేదు. నాన్న స్టీల్ రూల్‌ని రెక్క ముందు అంచు మీద ఆనించి, అదే వాలులో నడుం పెట్టె మీదుగా ముందుకి జరిపాడు. అంచు పెట్టె పక్కన ఆగిపోలేదు. గీత పెట్టె లోపలికి వెళ్ళి మధ్య గీత దగ్గర కలిసింది. అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. పెట్టె పక్క నుంచి ఆ చుక్కకి 9.2 సెంటీమీటర్లు.

నా 60 సెంటీమీటర్ల వెడల్పు ఆ చుక్క నుంచి లెక్కేసింది. నేను కొలిచింది పెట్టె పక్క నుంచి. అంటే 30 అనుకున్నది నిజానికి 39. ఇక ఎత్తక ఏం చేస్తుంది.

"డేటమ్ రాయకుండా కొలత రాస్తే ఇన్‌స్పెక్షన్‌లో మావాళ్ళు కాగితం మొహాన కొట్టేవారు" అన్నాడు నాన్న. డేటమ్ అంటే కొలత ఎక్కణ్ణుంచి మొదలో ఆ చోటు. నా చిన్నప్పుడు ఆయన ఫ్యాక్టరీ గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఏం చేస్తావు నానా అంటే, "ఇనుము" అనేవాడు.

డిసెంబరు 7

క్యాలెండరు వెనక నాన్న చేతిరాతలో: 690 × 9 = 6,210. అంత తిప్పుడు బరువు (గ్రాములు × సెంటీమీటర్లు) ముందుకి జరపాలి. బ్యాటరీని 25 సెంటీమీటర్లు ముందుకి తోస్తే 175 × 25 = 4,375. ఇంకా 1,835 కావాలి. సీజీ ఉండాల్సిన చోటు నుంచి ముక్కు కొస 75 సెంటీమీటర్లు, కాబట్టి కొసలో 25 గ్రాములు చాలు.

సీసం ముక్క పెడదామనుకున్నాను. పాప తన బొంగరం తెచ్చింది. త్రాసు మీద పెడితే 30 గ్రాములు.

మిగ్ ముక్కులో నోరు తెరిచినట్టు ఉన్న రంధ్రం, మధ్యలో శంకువు ఆకారం ఒకటి చూసుంటారు. అది సోకు కాదు. ధ్వని కంటే వేగంగా వెళ్ళేటప్పుడు గాలి అదే ఊపుతో ఇంజనులోకి దూరితే కంప్రెసర్ తట్టుకోలేదు. ఆ శంకువు కొస దగ్గర షాక్ తరంగం పుట్టి గాలి వేగం తగ్గుతుంది. వేగాన్ని బట్టి శంకువు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మన బొంగరం అచ్చం అదే ఆకారం. మేకు కొస ముందుకి పెట్టి బిగించాం. తాడు కట్టే గీతలు కూడా కనిపిస్తున్నాయి, గీకేయమన్నాను, పాప ఒప్పుకోలేదు.

నిజం విమానంలో ముక్కు దగ్గర పొడుచుకొచ్చే గొట్టం ఈ శంకువుది కాదు, అది గాలి ఒత్తిడి కొలిచే పిటో, వేరుగా ఉంటుంది. పొరపాటు అని రాసేవాళ్ళ కోసం ముందే చెప్తున్నా: మాది మేకు.

డిసెంబరు 21

తోక, చీలిక బాగుచేత. మొత్తం బరువు 720 దాటింది. చలికి గ్లూ గన్ జిగురు కర్ర మీద నుంచి ఫోమ్‌కి చేరేలోపే గడ్డకడుతోంది. రంగు స్ప్రే ఫోమ్‌ని తినేస్తుంది, అందుకని బూడిద రంగు టేపు, మూడు రంగుల చక్రాలు స్టిక్కరు షాపులో కట్ చేయించాను.

వేళ్ళ మీద నిలబెట్టి చూశాం. చుక్క నుంచి 28.5 దగ్గర తిన్నగా నిలిచింది. నాన్న రెండుసార్లు కొలిచాడు.

2026 జనవరి 18, గుణుపురం

పండగ వెళ్ళిన ఆదివారం. ఈసారి నాన్న వచ్చాడు. నిన్న సాయంత్రమే మోటారు వేయకుండా గడ్డికుప్ప మీదికి మూడుసార్లు విసిరి చూశాం. తిన్నగా జారుకుంటూ పోయి గడ్డిలో దూరింది. మొదటిసారే ఈ పని చేసుంటే నవంబరు ప్రొపెల్లర్ మిగిలేది. తొందర.

పొద్దున ఏడుకి గాలి లేదు. నది మీద మంచు ఇంకా పోలేదు. బ్యాటరీని చొక్కా లోపల పెట్టుకుని వెచ్చగా తెచ్చాను, చల్లటి లైపో సగం చచ్చినట్టే. తోక పలకలు మూడు మిల్లీమీటర్లు పైకి ఎత్తి ఉంచాను. బావమరిది పరిగెత్తుకుంటూ వదిలాడు, నేను మోటారు వేశాను.

ఒక మీటరు కిందికి జారింది. నా గుండె కూడా. తర్వాత పట్టుకుంది. ఎడమకి వాలుతోంది, ప్రొపెల్లర్ తిప్పుడు వల్ల, రిమోట్ మీద కుడి ట్రిమ్ (సర్దుబాటు) బటన్ నాలుగు నొక్కులు. ఆ తర్వాత అది నాది.

ఇంకేం చెప్పను, త్రిభుజం రెక్క పైకి కనిపిస్తే మిగ్, పక్కకి తిరిగితే గీత. ఎండకి అడ్డంగా వెళ్ళినప్పుడు ఎటు తిరిగిందో తెలియక రెండుసార్లు చెమట పట్టింది. మెల్లగా తిప్పితే కూలబడుతుంది, వేగం ఉంటేనే మాట వింటుంది.

నాన్న మఫ్లర్ చుట్టుకుని గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మొదటి రౌండు అవ్వగానే పాపతో అంటున్నాడు, నాకు వినిపిస్తోంది: "కొబ్బరి పచ్చడి రుబ్బుతున్నట్టుంది."

ఒకసారి కిందికి, ఓ ఇంటి ఎత్తులో, ఆయన మీదుగా తెచ్చాను. నా చూపు విమానం మీదే ఉండాలి కాబట్టి ఆయన్ని చూడలేదు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని, విమానం వెళ్ళినవైపు తిరిగి అలాగే ఉండిపోయాడని పాప తర్వాత చెప్పింది. మోకాళ్ళ నొప్పి మనిషి.

రెండు నిమిషాల నలభై సెకన్లకి దింపేద్దామనుకున్నాను. తోక నా మాట వినడం మానేసింది. మోటారు ఆపేశాను, అది తనంతట తానే జారుకుంటూ పక్కవాళ్ళ పెసర చేలో వాలింది. ప్రొపెల్లర్ బాగానే ఉంది, బొంగరం మేకుకి మట్టి. చేను ఆయన వచ్చి మొక్కలు లెక్కపెట్టాడు, మా మామయ్య టీ తాగించి పంపారు.

ఒడియా పిల్లాడు విమానం ఎత్తుకుని మోసుకొచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒకసారి గట్టిగా వాసన చూశాడు.

జనవరి 20

విప్పి చూస్తే తోక సర్వోలో, అంటే తోక పలకల్ని కదిపే చిన్న మోటారులో, పళ్ళు అరిగాయి. లోపల ప్లాస్టిక్ గేరు. మెటల్ గేరుది రెండు ఆర్డరు పెట్టాను, ఒకటి స్పేరు. నాలుగు గ్రాములు పెరుగుతుంది, వెనక, అంటే ముందు మళ్ళీ లెక్క.

నాన్న మాత్రం వెనక గొట్టం సైజు తప్పు అంటున్నాడు. ఆఫ్టర్‌బర్నర్ నాజిల్ ఇంత సన్నగా ఉండదట. వెర్నియర్ ట్రంకు పెట్టెలో ఎక్కడో ఉంది, పొద్దుట్నుంచి అమ్మ చేత వెతికిస్తున్నాడు.